చుక్క పొదుగుకు వాడిన మందులు

పశువైద్యంలో కొత్తగా ఉద్యోగం వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. రిటైరైన మనిషిని కదా, తీరిగ్గా దొరుకుతానని వాళ్ల ధైర్యం. చేతిలో టీ సగం కాకముందే అడిగేస్తారు: "మేడం, పొదుగువాపుకి ఏ రెండు యాంటీబయాటిక్‌లు కలిపి ఇస్తే బాగా పనిచేస్తాయి?" నేను రెండు పేర్లు చెబితే ఫోన్‌లో రాసుకుని వెళ్లిపోదామని ఆత్రం. నాకు ఒళ్లు మండుతుంది. ఆ వెంటనే జాలి కూడా వేస్తుంది, ఎందుకంటే ఆ వయసులో నాకూ కావలసింది ఆ రెండు పేర్లే.

పేర్లు చెబుతాను, తొందరపడకండి. ముందు ఆ పేర్ల వెనక ఉన్న ఒక ఆవు గురించి, ఆ ఆవు ఉన్న ఇంటి గురించి చెప్పనివ్వండి.

నాది బాపట్ల వైపు. అమ్మానాన్నలిద్దరూ మిషన్ బళ్లో టీచర్లు. పెళ్లయ్యాక హైదరాబాదు వచ్చాను, ఉద్యోగంలో ఎక్కువ కాలం లింగంపల్లి చుట్టుపక్కలే గడిచింది. నేను చేరినప్పుడు మా ఆసుపత్రి ముందు జొన్న చేలు ఉండేవి. దిగిపోయేనాటికి ఎటు చూసినా అద్దాల మేడలే. అక్కడ పశువులేమిటని ఇప్పటి పిల్లలు ఆశ్చర్యపోతారు. నల్లగండ్లలో ఏ పెద్ద అపార్ట్‌మెంటు వెనక్కి వెళ్లి చూసినా ఒక రేకుల కొట్టం, నాలుగైదు పశువులు కనిపించేవి. ప్యాకెట్ పాలు ఇష్టంలేని సాఫ్ట్‌వేర్ వాళ్లు అక్కడికే గిన్నె పట్టుకుని వచ్చేవాళ్లు. చంటిపిల్లలకైతే ఒకే ఆవు పాలు కావాలని, ఆ ఆవు పేరు కూడా కనుక్కుని వెళ్లే తల్లులు ఉండేవారు.

ఒకే సిరంజి

ముందు మా పెద్ద డాక్టరుగారి సంగతి. నా మొదటి పై అధికారి ఆయన. మంచి మనిషి, పశువు మూలుగు వినబడితే తింటున్న అన్నం వదిలి లేచేవారు. కాకపోతే తొందర మనిషి. పొదుగువాపు కేసు వచ్చిందంటే రెండు సీసాలు తీసి, రెండు మందులూ ఒకే సిరంజిలోకి లాగి పొడిచేసేవారు. ఒకటి తప్పితే ఇంకొకటి తగులుతుందని ఆయన నమ్మకం. ఆయన కింద పనిచేసిన వాళ్లందరూ అదే నేర్చుకుని జిల్లా అంతా అదే చేశారు.

ఒకరోజు సిరంజిలో మందు విరిగిన పాలలా పలుకులు కట్టింది. నేను చూపించాను. ఆయన వెలుతురుకి ఎత్తి చూసి, పారబోసి, రెండు సూదులు వేరువేరుగా తెమ్మన్నారు. మర్నాడు నన్ను కూర్చోబెట్టి, ఈ జతల గురించి మీ చదువులో ఇప్పుడేం చెబుతున్నారమ్మా అని అడిగారు. ఆ వయసులో, ఆ కుర్చీలో కూర్చుని, కొత్తగా వచ్చిన ఆడపిల్లను అలా అడగడానికి చాలా పెద్ద మనసుండాలి. తర్వాత నాకు దొరికిన అధికారుల్లో అది నేను మళ్లీ చూడలేదు.

ఆయనకు చెప్పిందే మీకూ చెబుతున్నాను. పెన్సిలిన్ జాతి మందు, క్రిమి పెరుగుతూ తన చుట్టూ గోడ కట్టుకునేటప్పుడు ఆ గోడను పాడుచేస్తుంది. టెట్రాసైక్లిన్ జాతి మందు క్రిమిని చంపదు, పెరగకుండా ఆపుతుంది. పెరగని క్రిమి గోడ కట్టదు, కట్టని గోడ మీద పెన్సిలిన్‌కి పనేముంది? ఆ రెండూ కలిపి ఇస్తే ఒకదాని చేతులు ఇంకొకటి కట్టేసినట్టే. అదే పెన్సిలిన్‌కి స్ట్రెప్టోమైసిన్ తోడైతే, గోడ దెబ్బతిన్న చోటునుంచి రెండోది లోపలికి పోగలదు. అదైనా ఆ మందులకు లొంగే క్రిమి అయితేనే. కాబట్టి ముందు పాల శాంపిల్ తీసి ప్రయోగశాలకు పంపండి, సూది తర్వాత. శాంపిల్ తీయకుండా సూది పట్టుకునేవాళ్లంటే నాకు ఇవాళ్టికీ కోపమే.

చుక్క

నల్లగండ్లలో సత్తెమ్మ అని ఒకామె ఉండేది. ఆ ఊరి మనిషే. భూములు పోయి మేడలు లేచినా ఇంటి వెనక కొట్టం వదల్లేదు. ఆమె పశువుల్లో నలుపూ తెలుపూ కలిసిన సంకరజాతి ఆవు ఒకటి, నుదుటి మీద తెల్లమచ్చ ఉండేది. అందుకని దాన్ని చుక్క అని పిలిచేవాళ్లు.

నేను మొదటిసారి వెళ్లేసరికే చుక్క పొదుగులో కుడివైపు వెనక చన్ను రాయిలా ఉంది. ముట్టుకుంటే వేడి. పాలలో పలుకులు పడుతున్నాయి. అంతకుముందు బండి మీద తిరుగుతూ మందులు వేసే ఒకతను రెండు రకాల సూదులు వేసి వెళ్లాడట. ఏవని అడిగితే ఖాళీ సీసాలు తెచ్చి చూపించింది. మీరు ఊహించినట్టే, ఒకదాని చేతులు ఇంకొకటి కట్టేసే జత.

నేను పొదుగు చూస్తున్నంతసేపూ సత్తెమ్మ నా మొహమే చూసింది. నలుగురితో గట్టిగా మాట్లాడి గదమాయించే మనిషి, గొంతు తగ్గించి అంది.

"డాక్టరమ్మా, ఇగ దీన్ని అమ్ముకునే గతి తేకుండ్రి. గిది పోతె మా ఇంట్ల ఒక మనిషి పోయినట్టే."

అందరూ అనే మాటే అనుకున్నాను. ఒక చన్ను ఎండితే మిగతావాటికీ పాకుతుంది, పొదుగు పాడైన ఆవును ఎవరు కొంటారో ఎందుకు కొంటారో మీకు చెప్పనక్కర్లేదు. శాంపిల్ తీసి పంపాను. ఏ మందుకు క్రిమి లొంగుతుందో తెలిశాక చన్నులోకి ఎక్కించే ట్యూబు, దానికి సరిపోయే సూది రెండూ మొదలుపెట్టాను. మందు ఆపాక కూడా నేను చెప్పేదాకా చుక్క పాలు అమ్మొద్దని, దూడకూ పట్టొద్దని గట్టిగా చెప్పాను.

సత్తెమ్మ ఒక్క బొట్టు అమ్మలేదు. పాలకోసం వచ్చిన వాళ్లందరికీ ఆవుకి బాగాలేదని మొహం మీదే చెప్పింది. ఒక చిన్న వయసు తల్లి ఆఫీసునుంచి మెడలో ఐడీ కార్డుతోనే వచ్చి, కాచి పడితే ఏమవుతుందని నన్ను అడిగింది. కాస్తే క్రిమి చస్తుందిగానీ పాలలో ఉన్న మందు పోదమ్మా అన్నాను. ఆ పిల్ల విసుక్కోలేదు. దగ్గరికెళ్లి చుక్క నుదురు నిమిరి, త్వరగా తగ్గించుకో, మావాడు నీ పాలే తాగుతాడు అని చెప్పి వెళ్లింది. ఆ ఐటీ వాళ్లకి పశువులంటే ఏం తెలుసని నేనూ అందరిలాగే అనేదాన్ని, ఆ తర్వాత అనడం మానేశాను.

చుక్కకి తగ్గింది. కొన్నాళ్లకే మళ్లీ అదే చన్ను వాచింది.

పిండే వేళ

సరైన జత వాడాను. సరైన మోతాదు, సరైన రోజులు. అయినా తిరగబెట్టింది. అదే మందు మళ్లీ వేస్తే వాపు తీసిందిగానీ, ఎన్నాళ్లు ఆగుతుందో నమ్మకం లేదు. ఇలాంటప్పుడు కొత్త డాక్టర్లు ఇంకా పెద్ద మందుకు పోతారు. నేనూ ఆ ఆలోచనలోనే ఉండి ప్రయోగశాలలో పనిచేసే స్నేహితురాలికి ఫోన్ చేశాను. ఆమె ఒక్కటే అంది: ఇది చర్మం మీదా పుండ్లలోనూ బతికే క్రిమి, మందు సంగతి తర్వాత, ముందు పిండే చేతులు చూడు.

అప్పుడు నాకు తట్టింది, సత్తెమ్మ నన్ను ఎప్పుడు పిలిచినా పాలు పిండడం అయిపోయాకే పిలిచేది. ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి అన్నం తిని, చెప్పాపెట్టకుండా సరిగ్గా పిండే వేళకి వెళ్లాను.

చుక్క పక్కన పీట మీద కూర్చున్నది సత్తెమ్మ కాదు, ఆమె భర్త మల్లేశం. అంతకుముందు ఎప్పుడు వెళ్లినా గడప దగ్గర కూర్చుని దండం పెట్టేవాడు, అంతే తెలుసు నాకు. పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పట్టు తప్పిందని విన్నాను. ఆ చేత్తోనే పిండుతున్నాడు. పిడికిలి బిగుసుకోదు, అందుకని బొటనవేలు లోపలికి మడిచి, ఆ కణుపుకీ వేళ్లకీ మధ్య చన్నును నొక్కిపెట్టి లాగుతున్నాడు. ఆ వైపు చాలామంది వేలు మడిచే పిండుతారు. కానీ బలం లేని చేతికి ఆ కణుపే ఆధారమైతే చన్ను లోపల నలిగిపోతుంది. పైగా కణుపు మీద చర్మం పగిలి పుండైంది. మిగతా మూడు చన్నులూ ఎడమ చేత్తో బాగానే పిండుకుంటున్నాడు, ఆ వెనక చన్ను మాత్రం కుడిచేతి కిందికి వస్తుంది.

తల ఆవు డొక్కకి ఆనించి దానితో ఏదో మాట్లాడుతున్నాడు. నన్ను చూసి నవ్వి, మీ మందు మంచిగ పనిచేసింది డాక్టరమ్మా అన్నాడు. వేరే మనిషైతే ఆ నొప్పికి చుక్క తన్నేది. కళ్లు సగం మూసుకుని ఓర్చుకుంటూ నిలబడింది.

సత్తెమ్మ నన్ను గడ్డి కోసే మిషన్ వెనక్కి తీసుకెళ్లింది. రెండు చేతులూ పట్టుకుంది.

"గాయనకు చెప్పకుండ్రి, మీ కాళ్లు మొక్కుత. చెయ్యి పడిపోయినంక గోడ దిక్కు మొగం పెట్టి పండుకున్నడు. ఎవ్వలతోని మాట లేదు. చుక్కను పిండిన దినమే, అన్నం పెట్టుమని అడిగిండు."

ఇంట్లో ఒక మనిషి పోయినట్టే అన్న మాటకు అర్థం నాకు అప్పుడు తెలిసింది. ఆమె ఆవు గురించి అనలేదు.

పుండుకి పూత మందు ఇచ్చాను. ముందూ వెనకా చేతులు కడగమన్నాను, చన్నులు ముంచే మందునీళ్లు ఇచ్చాను, గ్లవ్స్ ఇచ్చాను. గ్లవ్స్ వేసుకుంటే ఉన్న కాస్త పట్టూ జారిపోయేది, తీసేసేవాడు. మల్లేశం లేచాక సత్తెమ్మ వెళ్లి మిగిలిన పాలు దొంగతనంగా పిండేది. ఇవన్నీ చేస్తూ నేను అసలు మాట దాటేస్తున్నానని నాకు తెలుసు. పొదుగు పోతే ఆవు పోతుంది, ఆవు పోతే మల్లేశం మళ్లీ గోడవైపు తిరుగుతాడు. నేను నోరు మూసుకుంటే అతన్ని కాపాడినట్టు కాదు. నోరు విప్పితే ఆవుకంటే ముందు అతన్నే ఆ పీట మీంచి లేపినట్టు. కాలేజీలో నాకు క్రిములన్నీ నేర్పారు, ఈ ముడి విప్పడం మాత్రం ఎవరూ నేర్పలేదు.

మల్లేశం ఒక్కడే వచ్చాడు

ఆ ముడి నేను విప్పలేదు. మల్లేశమే విప్పాడు.

చుక్కకి మూడోసారి వాపు కనిపించిన వారంలో ఒకరోజు, షేర్ ఆటోలో ఒక్కడే మా ఆసుపత్రికి వచ్చాడు. కాలు కూడా కొంచెం ఈడ్చేవాడు, అంతదూరం ఎలా వచ్చాడో. అందరూ వెళ్లేదాకా బల్ల మీద కూర్చున్నాడు. లోపలికి పిలిస్తే కుర్చీలో కూర్చోకుండా నిలబడే అడిగాడు.

"నిజం చెప్పుండ్రి డాక్టరమ్మా. నా చెయ్యేనా?"

"అవును మల్లేశంగారూ, మీ చెయ్యే" అన్నాను. అబద్ధం ఆడదామని ఒక్క క్షణం అనిపించిందిగానీ, అలా వచ్చి నిలబడిన మనిషికి అబద్ధం చెప్పడం నావల్ల కాలేదు. నా వేళ్లతోనే చూపించాను, వేలు మడిస్తే చన్ను లోపల ఎలా నలుగుతుందో, పుండులోని క్రిమి ఆ నలిగిన చోట ఎలా చేరుతుందో. శ్రద్ధగా విన్నాడు. తన చేతిని ఎడమ చేత్తో పట్టుకుని చూసుకున్నాడు.

"నొప్పైతుండెనా దానికి?"

అవుతుందని చెప్పాను.

"తన్నలే గదా మరి" అన్నాడు. "ఒక్కపారన్న తన్నలే."

ఇద్దరం ఏడ్చాం. అధికారి కుర్చీలో కూర్చుని ఏడవకూడదని అంటారు, అనేవాళ్లు అననీయండి. కళ్లు తుడుచుకుని, వెళ్లబోతూ ఆగి చెప్పాడు, తను ఇక్కడికి వచ్చిన సంగతి సత్తెమ్మకు తెలియొద్దని. ఆమె తనకోసమని దాస్తోందట, దాచుకోనీయమన్నాడు.

మర్నాడు సత్తెమ్మ ఫోన్ చేసింది. చెయ్యి గుంజుతోంది, ఇకనుంచి నువ్వే పిండు అని మల్లేశం తనంతట తనే అన్నాడట. గొంతులో సంతోషమో ఏడుపో తెలియడం లేదు. గాయనకేం తెల్వలే గదా డాక్టరమ్మా అని మాత్రం పదేపదే అడిగింది. నేనేం చెప్పలేదమ్మా, నువ్వు దిగులుపడకు అన్నాను. పిల్లలూ, పశువు రోగం చూడటానికి వెళ్లిన వాళ్లం ఆ ఇంటి మనుషుల మధ్య నిలబడాల్సి వస్తుంది. అక్కడ ఎవరి మాట వాళ్లకే అట్టిపెట్టడం కూడా మన పనే. ఇంకోసారి అడిగినా నేను అదే జవాబు చెబుతాను.

చేపు

చుక్క చన్ను బతికింది. ఇక్కడికి వచ్చేసరికి మీరు అదే అడుగుతారు కాబట్టి ముందే చెప్పేస్తున్నాను. ఆ క్రిమికి అప్పుడు పనిచేసిన జత అమాక్సిసిలిన్, దాన్ని క్రిమి విరగ్గొట్టకుండా అడ్డుపడే సల్బాక్టం. ఇవే మీరు అడిగిన పేర్లు. మీ దగ్గరికొచ్చే ఆవుకి ఇవే వాడమని మాత్రం రాసుకోకండి.

అయితే ఆ జత ఒక్కటే దాన్ని బతికించలేదు. పాలు నిలిచిపోయిన పొదుగులో ఎంత మంచి మందైనా పనిచేయదు, చివరి ధార దాకా పిండాలి. సత్తెమ్మ కూర్చుంటే చుక్క చేపేది కాదు, పాలు చన్నుల్లోకి దించేది కాదు. అన్నేళ్లుగా మల్లేశం చేతికి అలవాటుపడిన ఆవు, పాలు పైకి ఎగబట్టి నిలబడేది. చేపు రావడానికి సూది ఉంది, చాలా డెయిరీల్లో పూటపూటా పొడుస్తారు. నాకు అది అసహ్యం. ఒకసారి వేశాను, రెండోరోజు మనసొప్పలేదు.

ఆ పూట మల్లేశం బయట సందులో కొట్టానికి వీపు పెట్టి కూర్చున్నాడు. పిండే వేళకి అక్కడికి వెళ్లి కూర్చుంటున్నాడని, లోపలికి రమ్మంటే రావడం లేదని సత్తెమ్మ చెప్పింది. నేను వెళ్లి పక్కన కూర్చున్నాను.

"మీరు పిండొద్దు. ఎడమ చేత్తో పొదుగు కడిగి దాని దగ్గర నిలబడండి చాలు. అది చేపకపోతే నా మందు దండగే."

నా మొహంలోకి చూశాడు, జాలిపడి అంటున్నానేమోనని. నేను జాలిపడి అనలేదు, అది వైద్యమే. అలవాటైన చెయ్యి తగిలితే ఆవు ఒంట్లో ఊరేది, నేను సూదిలో ఇచ్చేది ఒకటే. అదీ చెప్పాను. లేచి వచ్చాడు.

సత్తెమ్మ బకెట్‌లో గోరువెచ్చని నీళ్లు పెట్టింది. మల్లేశం సబ్బుతో చెయ్యి కడుక్కుని, గుడ్డ తడిపి, ఎడమ చేత్తో పొదుగంతా మెల్లగా తుడిచాడు. ఆ వెనక చన్ను దగ్గర మరీ నెమ్మదించాడు. తర్వాత ఆవు ముందుకు వచ్చి తన నుదురు దాని మెడకు ఆనించి నిలబడ్డాడు. చుక్క పెద్దగా ఊపిరి వదిలింది. చూస్తుండగానే చన్నులు నిండాయి.

సత్తెమ్మ గబగబా పీట లాక్కుని కూర్చుని, ఆ వైపు వాళ్లందరి అలవాటు ప్రకారం వేలు లోపలికి మడిచి చన్ను పట్టుకుంది. మల్లేశం తల తిప్పకుండానే అన్నాడు.

"బొటనేలు మడువకు సత్తెమ్మా. దానికి నొప్పైతది."

సత్తెమ్మ చెయ్యి ఆగిపోయింది. నావైపు చూసింది, ఆయనవైపు చూసింది. మల్లేశం ఆవు మెడ మీద నుంచి తల ఎత్తలేదు. ఆమె కొంగుతో మొహం ఒత్తుకుని, వేలు విప్పి, చన్నును పిడికిలి నిండా పట్టుకుని పిండడం మొదలుపెట్టింది.